ముక్క మీద ముఖం: గంజీఫా, టారో పేకల్లో పరిచితుల రూపచిత్రణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

స్నేహితులను ఎదురుగా కూర్చోబెట్టుకొని సొంత పేకకు బొమ్మలు గీసుకోవడం ఈ కాలపు సరదాగా కనిపిస్తుంది. కానీ పేకముక్క మీద తెలిసినవారి రూపం నిలపడానికి 15వ శతాబ్ది ఇటలీ నుంచి చరిత్ర ఉంది. తెలుగు ప్రాంతంలోనూ, దాని సరిహద్దుల్లోనూ చేత్తో చిత్రించిన గంజీఫా పేకల్లో పరిచితుల ముఖాలు ఎందుకు చోటు చేసుకోలేదు, 1909లో లండన్‌లో వెలువడిన టారో పేకలో అవి ఎలా ప్రవేశించాయి అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. ఒక బొమ్మ ఫలానావారిదేనని నిర్ధారించడానికి పోలిక ఒక్కటే చాలదని, పేరు, చిహ్నం, లేఖ వంటి ఆధారాలను వేరువేరుగా తూచాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గంజీఫా, టారో, నిర్మల్, పర్లాకిమిడి, రూపచిత్రం, పమేలా కోల్‌మన్ స్మిత్, వేషం.

ప్రస్తావన

మల్కాపురం అనగానే శాసన పరిశోధకులకు గుంటూరు ప్రాంతపు గ్రామం, రుద్రమదేవి కాలానికి చెందిన 1261 నాటి గోళకీమఠ శాసనం గుర్తుకు వస్తాయి. ఇక్కడ ప్రస్తావిస్తున్న మల్కాపురం అది కాదు. విశాఖపట్నంలో నౌకాశ్రయ కాలువకు దక్షిణాన, ఓడల నిర్మాణకేంద్రానికీ చమురుశుద్ధి కర్మాగారానికీ చేరువలో ఉన్న కార్మికవాడ ఇది. ఈ వాడలో ఒక యువ చిత్రకారిణి తన స్నేహితులను మోడల్స్‌గా పెట్టుకొని 78 ముక్కల టారో పేక గీయాలనుకుందని ఊహిద్దాం. రేవులో క్రేను నడిపే మిత్రుడు రథం ముక్కకు సరిపోతాడు. రాత్రిపాళీ నర్సు చంద్రుడి ముక్కకు ఒప్పుకుంటుంది. మృత్యువు ముక్కకు, సైతాను ముక్కకు ఎవరిని అడగాలి? అడిగితే వాళ్లు ఏమనుకుంటారు? ఆమె కుంచె పట్టకముందే ఎదురయ్యే చిక్కు ఇది. ఇది ఆమె ఒక్కదాని చిక్కు కూడా కాదు.

ఆమెకు పూర్వులు ఎవరని వెతికితే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి చేత్తో పేకలు తయారుచేసిన దేశీయ చిత్రకారులది. రెండోది ఐరోపా టారోది. ఈ రెండింటికీ మూలాలు ఇస్లామిక ప్రపంచపు పేకల్లో ఉన్నాయని పేకల చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజభవనంలో దొరికిన మమ్లూకుల కాలపు పేకను ఎల్. ఎ. మేయర్ 1939లో ప్రకటించిన తర్వాత ఈ వాదానికి గట్టి ఆధారం లభించింది. ఒకే మూలం నుంచి బయలుదేరిన ఈ రెండు సంప్రదాయాలు మనిషి ముఖం విషయంలో మాత్రం విడిపోయాయి.

పెట్టెలు విశాఖవి, మాటలు రేవులవి

పేకాటతో విశాఖపట్నానికి ఉన్న పాత సంబంధం ముక్కల కంటే పెట్టెల్లో ఎక్కువగా కనిపిస్తుంది. 18, 19 శతాబ్దాల్లో ఇక్కడి కంసాలి పనివాళ్లు దంతం, చందనం, కొమ్ము, తాబేటిచిప్పలతో చేసిన పెట్టెలు ‘వైజాగపటం పని’ పేరుతో ఐరోపా ఇళ్లకు చేరాయి. చదరంగపు బల్లలు, ఆటసామగ్రి పెట్టెలు, విజిటింగు కార్డుల పెట్టెలు వాటిలో ఉన్నాయి. దంతపు పలక మీద సన్నని గీతలు చెక్కి వాటిలో నల్లని లక్క నింపడం ఆ పనివాళ్ల ప్రత్యేకత. ఆ గీతల్లో పూలతీగలు, ఐరోపా భవనాల దృశ్యాలు విరివిగా కనిపిస్తాయి. ముక్కలు దాచుకొనే పెట్టెకు ఇంత పేరు వచ్చిన ఊరు చిత్రించిన పేకలకు మాత్రం పేరు పొందలేదు. ఆ ఖ్యాతి ఇటు నిర్మల్‌కూ, అటు పర్లాకిమిడికీ దక్కింది.

ముక్కల పేర్లలో కూడా రేవుల జాడ ఉంది. తెలుగువారి ‘కళావరు’ డచ్చివారి ‘క్లావర్’కు, ‘ఆఠీను’ వారి ‘హార్టెన్’కు బాగా దగ్గర. విశాఖకు ఉత్తరాన ఉన్న భీమునిపట్నంలో 17వ శతాబ్ది నుంచి 1825 వరకు డచ్చివారి స్థావరం ఉన్న సంగతి తెలిసిందే. ‘తురుపు’ను కూడా డచ్చి ‘ట్రూఫ్’ పక్కన పెట్టి చూడవచ్చు. ట్రూఫ్, ఇంగ్లీషు ట్రంప్ రెండూ విజయోత్సవమనే అర్థం ఉన్న లాటిను మాట సంతతివి. ఇటలీలో టారోలోని 22 చిత్రపు ముక్కలకు మొదట ఉన్న పేరు ‘ట్రియోన్ఫీ’ కూడా అదే కుటుంబానికి చెందింది. కాబట్టి టారో అనే మాట ఎన్నడూ వినని తెలుగువాడు కూడా తురుపు వేసిన ప్రతిసారీ దాని దూరపు బంధువును పలుకుతున్నాడు.

కన్యాశుల్కం మలికూర్పులో మధురవాణి పాల్గొనే బేస్తు ఆట ఈ సందర్భంలో గుర్తుకు రావడం సహజం. 17వ శతాబ్ది ఫ్రాన్సులో ‘బెస్త్’ అనే పేకాట ఉండేది. ‘బేస్తుపోవడం’ అనే జాతీయం మన వాడుకలో ఇంకా బతికే ఉంది. కన్యాశుల్కం మలికూర్పు, స్మిత్ చిత్రించిన టారో పేక రెండూ 1909లోనే వెలువడడం కేవలం కాకతాళీయం. ఉత్తరాంధ్ర పేకాటను ఒక రచయిత మనుషుల స్వభావాలు బయటపెట్టే రంగంగా మలిచిన ఏడే లండన్‌లో ఒక చిత్రకారిణి పేకనే రంగస్థలంగా మార్చింది. అంతకుమించి ఈ పోలికను సాగదీయనక్కరలేదు.

గంజీఫాలో మనుషులు ఎందరు?

బాబరు తన స్వీయచరిత్రలో 1527లో సింధు పాలకుడు షా హసన్‌కు గంజీఫా పంపినట్టు రాసుకున్నాడు. భారతదేశంలో ఈ ఆటకు దొరికే తొలి లిఖిత ఆధారాల్లో అది ముఖ్యమైనది. మొగలు గంజీఫాలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. తాజ్, సఫేద్, షంషేర్, గులాం, చంగ్, సుర్ఖ్, బరాత్, ఖిమాష్ అనేవి ఆ రంగుల పేర్లు. దశావతార గంజీఫాలో పది రంగులు, 120 ముక్కలు. మత్స్యావతారపు రంగుకు చేప, కూర్మానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి, ఇలా ఒక్కో అవతారానికి ఒక్కో గుర్తు ఉంటుంది. పగలు ఆడితే రాముడి రంగు, రాత్రి ఆడితే కృష్ణుడి రంగు ఆట మొదలుపెట్టాలన్న నియమం ప్రసిద్ధం.

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. ప్రతి రంగులోనూ 12 ముక్కలు. వాటిలో రాజు, మంత్రి అనే రెండింటి మీదే మనిషి లేదా దేవత బొమ్మ ఉంటుంది. మిగిలిన పదింటి మీద ఒకటి నుంచి పది వరకు గుర్తులే. అంటే 96 ముక్కల పేకలో 16, 120 ముక్కల పేకలో 20 మాత్రమే మూర్తులకు చోటిచ్చేవి. ఆరింట ఒకటి. చిత్రకారుడి పనిలో అధికభాగం చేపలు, గొడ్డళ్లు, కత్తులు వరసలుగా పేర్చడంలోనే గడుస్తుంది. మిగిలిన ఆ కొద్ది మూర్తులు కూడా అరచేతిలో ఇమిడే గుండ్రని ముక్క మీద ఉండాలి. ఆటగాడు చూడగానే రంగునూ స్థాయినీ పోల్చుకోవాలి. అది వామనుడి మంత్రి అని క్షణంలో తెలియాలి తప్ప ఆ మంత్రి ఎవరిలా ఉన్నాడన్న ఆలోచన రాకూడదు. వస్తే ఆట ఆగిపోతుంది. ముఖం సొంతదైన కొద్దీ ముక్క ఆటకు పనికిరాకుండా పోతుంది.

తయారీ పద్ధతి కూడా దీనికి తోడైంది. ఒడిశా గంజపా చిత్రకారులు పాతబట్ట పొరలను చింతగింజల జిగురుతో అంటించి, సుద్దపూత పూసి, నున్నగా రుద్ది, గుండ్రంగా కత్తిరించి, రంగులు వేసి, లక్కపూతతో ముగిస్తారు. ఈ పనిలో ఒకే గీతను పదేపదే గీసే చేతికి విలువ. పర్లాకిమిడి ఈ గంజపాకు పేరున్న కేంద్రాల్లో ఒకటి. 1936లో ఒడిశాలో కలిసేవరకు అది మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాకు చెందిన ఊరు. తెలుగు సాహిత్య విద్యార్థులకు అది గిడుగు రామమూర్తి ఊరుగానే తెలుసు. వ్యావహారిక భాషోద్యమానికి పుట్టినిల్లుగా మన చరిత్రల్లోకెక్కిన పట్టణం పేకల చరిత్రలోనూ ఉన్నదన్న విషయం మన పాఠ్యగ్రంథాల్లో చోటు చేసుకోకపోవడం విచిత్రం. ఇక నిర్మల్‌లోనూ, చేర్యాలలోనూ పనిచేసిన నకాషీ చిత్రకారులకు చింతగింజల జిగురు, సుద్ద, పొదుపైన గీత కొత్తవి కావు. చేర్యాల పటంలో కథానాయకుడిని ముఖం చూసి కాదు, ఒంటిరంగు, నగలు, కూర్చున్న తీరు చూసి గుర్తిస్తారు. పటం కథకుడు పాడేటప్పుడు దూరంగా కూర్చున్నవారికి కూడా తెలియాలంటే అదే దారి.

రాజులు ఉన్నారు, వ్యక్తులు లేరు

గంజీఫాలో చారిత్రక వ్యక్తులు అసలే లేరా అన్న ప్రశ్నకు అబుల్ ఫజల్ ఆయిన్-ఇ-అక్బరీలో ఆసక్తికరమైన సమాధానం ఉంది. పూర్వం 12 రంగుల పేక ఉండేదని చెబుతూ అతడు వాటి రాజుల పేర్లు ఇచ్చాడు. మొదటివాడు ఢిల్లీ పాలకుడిని పోలిన అశ్వపతి. రెండోవాడు ఒడిశా పాలకుడిలా ఏనుగుల బలం ఉన్న గజపతి. మూడోవాడు బీజాపురం పాలకుల్లా కాల్బలం ఉన్న నరపతి. ఆ తర్వాత గఢపతి, ధనపతి, దళపతి, ఇలా మిగిలినవారు.

అశ్వపతి, గజపతి, నరపతి అనే ఈ త్రయం తెలుగు పాఠకులకు రాయవాచకం ద్వారా బాగా తెలుసు. అక్కడ నరపతి సింహాసనం విజయనగరానిది. అబుల్ ఫజల్ నాటికి ఆ స్థానంలో బీజాపురం కనిపిస్తుంది. తళ్లికోట యుద్ధం (1565) జరిగిన తర్వాత రాసిన గ్రంథంలో ఇలా ఉండడం ఆశ్చర్యం కాదు. ఇందులో గమనించదగింది మరొకటి ఉంది. సింహాసనం మీద మనిషి మారినా, వంశమే మారినా ముక్క మారలేదు. నరపతి అనేది ఒక బిరుదు, ఒక స్థానం. అందులో ఎవరు కూర్చున్నా పేకకు పట్టదు. సమకాలీన రాజకీయాన్ని అంతగా లోపలికి తీసుకున్న పేక కూడా ఏ ఒక్క పాలకుడి ముఖాన్నీ తీసుకోలేదు.

దీనికి శిల్పశాస్త్ర నిషేధమే కారణమని చెప్పడం తేలిక. దేవతా ప్రతిమలు లక్షణం తప్పినా శ్రేయస్కరమని, మర్త్యుల ప్రతిమలు లక్షణయుక్తమైనా అలా కావని శుక్రనీతిసారం చెబుతుంది. కానీ ఈ సూత్రాన్ని ఆంధ్రదేశం అక్షరాలా పాటించలేదు. తిరుమల ఆలయ ప్రవేశమండపంలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలుచున్న లోహమూర్తులున్నాయి. వాటిపై పేర్లు చెక్కి ఉన్నాయి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో కనిపిస్తారు. అచ్యుతరాయల కాలపు తలపాగాలు, వస్త్రాలు అక్కడ ఎంత శ్రద్ధగా చిత్రించారో చూసినవారికి తెలుసు. వీటిలో ఒక నియమం మాత్రం స్పష్టం. మనిషి రూపం దేవుడి ఎదుట భక్తుడిగా ఉండవచ్చు, దేవుడి స్థానంలో ఉండకూడదు. పేకలో భక్తుడికి స్థానం లేదు. దశావతార గంజీఫాలో మూర్తి అంటే అవతారమో, దాని పక్కన నిలిచిన మంత్రో. పరిచితుడి ముఖానికి అక్కడ దొరికే చోటు దేవుడిదే అయింది. శాస్త్రం, ఆట అవసరం రెండూ కలిసి ఆ తలుపు మూశాయి. రెండింటిలో ఆట అవసరమే బలమైనదని ఈ వ్యాసం భావిస్తుంది. దేవతా ప్రసక్తి లేని మొగలు గంజీఫాలో కూడా ముఖాలు మూసపోతగానే ఉండడం దీనికి నిదర్శనం.

మైసూరులో మూడవ కృష్ణరాజ ఒడయారు (1794–1868) సొంతంగా కొత్త పేకలు కల్పించి, శ్రీతత్త్వనిధిలోని కౌతుకనిధిలో వాటిని వివరించాడు. అందులో 360 ముక్కల ఆట కూడా ఉంది. వ్యక్తిగత పేక అన్న మాటకు దక్షిణాదిలో ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. అంతటి రాజు కూడా కొత్తదనాన్ని దేవతల సంఖ్యలోనూ రంగుల అమరికలోనూ వెతికాడు.

ఇటలీలో దగ్ధమైన సన్యాసిని

టారో కూడా మొదట ఆటే. 15వ శతాబ్ది ఇటలీ రాజాస్థానాల్లో పుట్టి, మూడు శతాబ్దాలకు పైగా ఆటగానే సాగింది. 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు దాన్ని ఈజిప్టు రహస్యగ్రంథంగా వర్ణించిన తర్వాతే జోస్యానికి ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఈజిప్టు కథకు చారిత్రక పునాది లేదని మైకేల్ డమెట్ 1980 నాటి గ్రంథంలో విపులంగా చూపాడు. జోస్యం విషయం ఇక్కడితో వదిలివేయవచ్చు. ఈ చర్చకు కావలసింది బొమ్మలే.

మిలాను పాలకులైన విస్కోంటి, స్ఫోర్జా కుటుంబాలకు బంగారు రేకు మీద చిత్రించిన పేకలో 74 ముక్కలు నేటికీ మిగిలాయి. అవి న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయం, బెర్గామోలోని అకాడెమియా కరారా, కొల్లియోని కుటుంబం మధ్య పంచబడి ఉన్నాయి. వాటిలో స్త్రీ పోపు ముక్క ఒకటి. సన్యాసిని దుస్తుల్లో, తలపై పోపు కిరీటంతో ఉన్న ఈ బొమ్మ విస్కోంటి వంశానికి బంధువైన సోదరి మన్‌ఫ్రెదాదని గెర్‌ట్రూడ్ మోక్లీ 1966లో వాదించింది. ఒక చిన్న మతశాఖ ఆమెను తమ పోపుగా ఎన్నుకున్నది. ఆ నేరానికి మతవిచారణ సభ 1300లో ఆమెను దహనం చేయించింది. కుటుంబం ఒకటిన్నర శతాబ్దం తర్వాత ఆమెను తమ సొంత పేకలో నిలుపుకున్నదన్నది మోక్లీ వాదం.

ఈ వాదాన్ని అందరూ అంగీకరించలేదు. అంగీకరించినా, అది ముఖం మీద నిలిచిన వాదం కాదని గమనించాలి. చిత్రకారుడు పుట్టడానికి ఎంతో ముందే ఆమె చనిపోయింది. గుర్తింపుకు ఆధారం వస్త్రం, వంశసంబంధం, కిరీటం. అదే కాలపు మరో విస్కోంటి పేకలో ప్రేమ ముక్క మీది జంటను పెళ్లిజంటగా గుర్తించడానికి కూడా వంశచిహ్నాలే ఆధారం. ఫ్రెంచి పేక ఇందుకు మరో చివర ఉంది. అక్కడ రాజుల పక్కన దావీదు, సీజరు, అలెగ్జాండరు, చార్లెస్ అని, ఆఠీను జాకీ పక్కన లా హీర్ అని పేర్లు అచ్చువేస్తారు. లా హీర్ జోన్ ఆఫ్ ఆర్క్ వెంట యుద్ధం చేసిన నిజమైన సేనాని. పేరు ఉంది, ముఖం మాత్రం ఎవరిదో కాదు. అచ్చుదిమ్మ ఎవరికైనా అదే ముఖం ఇచ్చింది.

నాటకశాల నుంచి పేకలోకి

ఈ నేపథ్యంలో పమేలా కోల్‌మన్ స్మిత్ (1878–1951) చేసిన పని ప్రత్యేకత తెలుస్తుంది. లండన్‌లో పుట్టి, జమైకాలో బాల్యంలో కొంతభాగం గడిపి, బ్రూక్లిన్‌లోని ప్రాట్ విద్యాలయంలో చిత్రకళ అభ్యసించిన ఆమెకు చదువు కంటే నాటకశాలే ఎక్కువ నేర్పింది. హెన్రీ ఇర్వింగ్, ఎలెన్ టెరీల లైసియం నాటకబృందంతో ఆమె ప్రయాణించింది. 1899లోనే వాళ్లిద్దరి పాత్రలను చిత్రాలుగా ప్రచురించింది. టెరీ కూతురు ఎడిత్ క్రెయిగ్ ఆమెకు ఆత్మీయమిత్రురాలు. అట్టబొమ్మలతో చిన్న రంగస్థలం కట్టి ప్రదర్శనలిచ్చిన అనుభవం కూడా ఆమెకు ఉంది.

1909లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆమెకు టారో పేక పని అప్పగించాడు. ఆ ఏడాది డిసెంబరులో విలియం రైడర్ అండ్ సన్ సంస్థ దాన్ని వెలువరించింది. పాత మార్సేయి తరహా టారోలో 22 తురుపులకూ 16 రాజపరివారపు ముక్కలకూ మూర్తులుండేవి. మిగిలిన 40 అంకెల ముక్కలు గంజీఫాలో లాగే గుర్తుల వరసలు. స్మిత్ పేకలో ఈ 40 కూడా బొమ్మలయ్యాయి. నాలుగు ఆసులకు మేఘంలోంచి వచ్చే చేయి సరిపోయింది. మిగిలినవాటిలో చాలావాటికి సన్నివేశం కావలసి వచ్చింది. మంచం మీద లేచి కూర్చుని ముఖం కప్పుకున్న స్త్రీ, మంచులో చర్చి కిటికీ కింద నడిచిపోయే బీదవాళ్లు, కట్టెలమోపు మోస్తూ వంగిన మనిషి. ఇలాంటి పూర్వోదాహరణ ఒకటి ఉంది. 15వ శతాబ్ది చివరి సోలా బుస్కా పేక ఛాయాచిత్రాలు 1907లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. మూడు కత్తులు గుచ్చుకున్న హృదయం, మోపు మోసే మనిషి ఆమెకు అక్కడి నుంచే వచ్చాయనడానికి పోలిక స్పష్టంగా ఉంది. అయినా ఆ పేక దాదాపు అన్ని సన్నివేశాలకూ ఆధారం కాలేదు.

గుర్తుల వరసకు మోడల్ అక్కరలేదు. సన్నివేశానికి మనిషి కావాలి. ఆ మనిషి నిలుచునే తీరు, భుజం వాలిన తీరు ఎక్కడి నుంచో రావాలి. తక్కువ వ్యవధిలో అంత పెద్ద పని చేయవలసిన స్మిత్ తన చుట్టూ ఉన్న నటీనటుల వైపు తిరిగిందని పరిశోధకులు భావించడానికి ఇదే బలమైన కారణం. దండాల రాణి ముక్క మీద, పొద్దుతిరుగుడు పువ్వుతో, కాళ్ల దగ్గర నల్లపిల్లితో కూర్చున్న స్త్రీలో ఎలెన్ టెరీని చాలామంది చూశారు. ప్రపంచం ముక్క మీది నర్తకిలో నటి ఫ్లారెన్స్ ఫార్‌ను చూసినవారున్నారు. టెరీ విషయంలో ఆధారం కొంత గట్టిది. స్మిత్ ఆమెను ఏళ్ల తరబడి గీసింది కాబట్టి చేతికి ఆ రూపం అలవాటైంది. తక్కిన గుర్తింపుల్లో చాలావరకు పోలిక మీద ఆధారపడ్డవే. గీసిన చేతి వాంగ్మూలం వాటికి లేదు.

పోలిక నమ్మదగని సాక్షి. ఇష్టపడినవారి ముఖం ఎక్కడైనా కనిపిస్తుంది. తిరుమల మూర్తుల మీద పేరు ఉంది. విస్కోంటి ముక్కల మీద వంశచిహ్నం ఉంది. స్మిత్ ముక్కల మీద ఉన్న ఒకే ఒక పేరు ఆమెది. మూలన సర్పంలా మెలికలు తిరిగిన పొడి అక్షరాల సంతకం. మోడల్ పేరు ఎక్కడా లేదు. తెలుగులో రవివర్మ దేవతల వెనుక ఎవరున్నారన్న చర్చ జరిగినప్పుడు కూడా ఈ తేడా పాటించడం మంచిది. ఆయన సజీవ మోడల్స్‌ను వాడడం ఒక విషయం, ఫలానా లక్ష్మి ఫలానా స్త్రీయే అనడం మరొక విషయం. మొదటిది చరిత్ర. రెండోదానికి ప్రతిసారీ విడిగా ఆధారం చూపాలి.

వేషమూ ముఖమూ

స్మిత్ స్నేహితులు రాణులూ నర్తకులూ కావడానికి అభ్యంతరపడి ఉండరు. నటులకు అది వృత్తి. ముఖం అరువివ్వడం వేరు, తాము ఆ పాత్ర కావడం వేరు అన్న తెలివిడి వాళ్లకు ఉంటుంది. తెలుగులో దీనికి సరిపోయే మాట ‘వేషం’. కూచిపూడివారి పగటివేషాల్లోనూ, తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలోనూ ఊరివారికి తెలిసిన మనిషే మరో రూపంలో వస్తాడు. జాతర వారంలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం రోజుకొకటిగా సాగే క్రమం, వరుసగా తిరగేసే ముక్కలను గుర్తుకు తెస్తే తప్పు కాదు. అక్కడ తిట్టే బండ వేషాన్నీ, పూజలందుకొనే మాతంగి వేషాన్నీ తెలిసినవాళ్లే కడతారు. ఎవరూ దాన్ని ఆ మనిషి స్వభావంగా తీసుకోరు. సాయంత్రానికి రంగు కడిగేస్తారు.

బొమ్మకు ఆ సాయంత్రం రాదు. మాయాబజార్ (1957), శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం (1960) తర్వాత ఎన్.టి. రామారావు ముఖం కృష్ణుడిగానూ, వేంకటేశ్వరుడిగానూ కేలండర్ల మీదికి, అక్కడి నుంచి పూజగదుల్లోకి వెళ్లింది. శుక్రనీతి గీసిన గీతను తెలుగు సమాజం ఇంత విస్తృతంగా దాటిన సందర్భం మరొకటి లేదు. అచ్చుబొమ్మలో వేషం తీయడం కుదరదు కాబట్టి ముఖమే వేషమైంది. టెరీ ఒక ముక్కలో ఒదిగి, ఎవరో తెలియకుండానే ప్రపంచమంతా తిరుగుతుంది. రామారావు ఎవరో తెలిసే తిరిగాడు. రెండుచోట్లా ప్రయాణం నటుడి శరీరం నుంచే మొదలైంది. సాల్వడార్ డాలీ తన టారో పేకలో (1984) మాంత్రికుడి ముక్కకు తన ముఖమే, మహారాణి ముక్కకు భార్య గాలా ముఖం వాడుకున్నాడు. అనుమతి అడగవలసిన శ్రమ కొంత తగ్గే పద్ధతి అది.

మల్కాపురం చిత్రకారిణి చిక్కు ఇక్కడ స్పష్టమవుతుంది. ఆమె స్నేహితులు నటులు కారు. నర్సు, క్రేను డ్రైవరు, ట్యూషను చెప్పే అక్క, వీళ్లను చూసినవాళ్లు పాత్రను కాక మనిషినే చూస్తారు. సైతాను ముక్క మీద పొరుగింటి కుర్రాడిని గీస్తే, ఆ వీధిలో అది బొమ్మగా మిగలదు. పేక చేతులు మారుతుంది, ముక్క విడిగా పోతుంది, ఫోనులో ఫోటోగా తిరుగుతుంది. గంజీఫా చిత్రకారులు ముఖాన్ని దూరంగా ఉంచిన కారణాల్లో ఇది లేకపోవచ్చు. కానీ వాళ్ల మూసపోత ముఖం ఎవరినీ నొప్పించలేదన్నది నిజం.

పేర్లు

స్మిత్ 1909 నవంబరులో ఛాయాచిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కు రాసిన లేఖలో 80 బొమ్మల పెద్ద పని చాలా కొద్ది డబ్బుకు పూర్తిచేశానని చెప్పింది. ఆ పేక 20వ శతాబ్దిలో చాలాకాలం ‘రైడర్-వెయిట్’ అనే పేరుతోనే అమ్ముడుపోయింది. అంటే ప్రచురణకర్త, రచయిత. వెయిట్ తన ఆత్మకథలో (1938) కొన్ని ముఖ్యమైన ముక్కలకు తానే ఆమెను దగ్గరుండి నడిపించవలసి వచ్చిందని రాసుకున్నాడు. అంకెల ముక్కల విషయంలో అంతగా జోక్యం చేసుకోలేదనే అర్థం అందులోంచి వస్తుంది. మనుషులతో నిండిన సన్నివేశాలు ఎక్కువగా ఉన్నది సరిగ్గా ఆ ముక్కల్లోనే. స్మిత్ 1951లో కార్న్‌వాల్ తీరంలోని బ్యూడ్ పట్టణంలో మరణించింది. ఆమె వస్తువులను అప్పులు తీర్చడానికి వేలం వేశారు. సమాధికి గుర్తు లేదు. ‘వెయిట్-స్మిత్’ అని ఆమె పేరు కూడా కలిపి పలకడం ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలకు అలవాటైంది.

నిర్మల్, పర్లాకిమిడి పేకలకు ఆ మూలన ఉండే పొడి అక్షరాలు కూడా సాధారణంగా ఉండవు. మ్యూజియం పట్టికల్లో ఊరి పేరు, శతాబ్ది, ముక్కల సంఖ్య, పోయిన ముక్కల సంఖ్య ఉంటాయి. వాటిని చిత్రించిన కుటుంబంలో ఎవరు రాజును గీశారు, ఎవరు చేపలను పేర్చారు అన్నది ఎవరూ అడగలేదు. అలవాటైన చేతులు అలవాటుగా చేసిన పని కాబట్టి అడగాలని తోచలేదు. ఇప్పటికీ పనిచేస్తున్న నకాషీ, గంజపా కుటుంబాల పెద్దలను ఈ ఒక్క ప్రశ్న అడగడానికి తెలుగు శాఖల క్షేత్రపర్యటనల్లో వ్యవధి దొరకాలి. మల్కాపురంలో 78 ముక్కలు పూర్తయిన రోజున పెట్టె అడుగున ఒక కాగితం ఉంచడం దానికంటే తేలిక: ఏ ముక్కకు ఎవరు కూర్చున్నారు, ఏ తేదీన, ఏ ముక్కకు ఎవరు వద్దన్నారు.